కణంలో కరువు

పెద్దపేగు లోపలి గోడ మామూలు కంటికి నున్నగా, తడిగా, గులాబీ రంగులో కనిపిస్తుంది. అందులోంచి పలుచని ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే అదంతా గుంతలమయమని తెలుస్తుంది. అర మిల్లీమీటరుకు మించని లోతుతో, పక్కపక్కనే, లక్షల సంఖ్యలో ఉంటాయవి. వైద్యులు వీటిని క్రిప్టులంటారు. ఒక్కో క్రిప్టులో సుమారు రెండువేల కణాలుంటాయి. అట్టడుగున కొద్దిపాటి మూలకణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. పుట్టిన కొత్త కణాలు గుంత గోడను పట్టుకుని పైకి జరుగుతాయి. కొంతదూరం వెళ్లాక విభజన మానేస్తాయి. కొన్ని జిగురును స్రవించే కణాలుగా, కొన్ని నీటినీ లవణాలనూ పీల్చుకునే కణాలుగా స్థిరపడతాయి. పై అంచుకు చేరాక రాలిపోతాయి. ఈ ప్రయాణమంతా నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది.

ఇంత జోరుగా కణాలు పుట్టే చోట ప్రాణాన్ని కాపాడేది వాటి ఎదుగుదల. ఎదుగుదల అంటే ఇక్కడ లావు కావడం కాదు. విభజన మానుకుని, ఒక పనికి కుదురుకుని, వేళకు రాలిపోవడం. అలా ఎదగని కణం గుంతలోనే ఉండిపోయి, తనలాంటి వాటినే కంటూ పోతే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది. అదే పాలిప్. అలాంటి పాలిప్‌లలో కొన్ని పదేళ్లో, ఇంకా ఎక్కువో గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వస్తోంది. 9 లక్షల మందికి పైగా చనిపోతున్నారు.

పేగు కణాన్ని ఎదగమని చెప్పే సంకేతాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మన ఆకుకూరల్లోంచి, గుడ్డులోంచి, పాలలోంచి వస్తుంది. అదే విటమిన్ ఏ. కంటిచూపుకు కావలసిన పోషకంగానే మనకు దాని పరిచయం ఎక్కువ. పేగులో అది చేసే పని, క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ పనికి కలిగే విఘాతం ఈ అధ్యాయంలో చూద్దాం.

వెన్న తినని ఎలుకలు

1913లో అమెరికాలో రెండు బృందాలు దాదాపు ఒకేసారి ఒక సంగతి గమనించాయి. విస్కాన్సిన్‌లో ఎల్మర్ మెకాలమ్, మార్గరెట్ డేవిస్. కనెక్టికట్‌లో థామస్ ఆస్బోర్న్, లఫాయెట్ మెండెల్. శుద్ధిచేసిన మాంసకృత్తులు, పిండిపదార్థాలు, పందికొవ్వు పెట్టి పెంచిన ఎలుకలు కొన్నాళ్లకు ఎదగడం మానేశాయి. అదే తిండిలో వెన్న కొవ్వు కలిపితే మళ్లీ ఎదిగాయి. వెన్నలో ఉండి పందికొవ్వులో లేని ఆ పదార్థానికే తర్వాత విటమిన్ ఏ అని పేరొచ్చింది.

1925లో హార్వర్డ్‌కు చెందిన వోల్‌బాక్, హోవ్ అనే ఇద్దరు పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. విటమిన్ ఏ అందని ఎలుకల శ్వాసనాళాన్ని, లాలాజల గ్రంథులను, మూత్రమార్గాన్ని కోసి చూశారు. అక్కడ తడిగా, జిగురుగా ఉండవలసిన లోపలి పొర పోయి, చర్మంలాంటి పొడి పొర పేరుకుని ఉంది. కణాలు చావలేదు. పైపెచ్చు చురుగ్గా విభజన చెందుతున్నాయి. కాకపోతే కావలసిన రూపానికి ఎదగడం మానేశాయి. 1933లో వాళ్లే ఇంకో సంగతి చూపించారు. విటమిన్ ఏ తిరిగి ఇస్తే పొర మళ్లీ మామూలు రూపానికి వచ్చింది. శరీరపు లోపలి పొరలు ఏ రూపం తీసుకోవాలో నిర్ణయించడంలో ఈ పోషకానికి పాత్ర ఉందని ఆనాడే తేలింది. ఎలా నిర్ణయిస్తుందో తెలియడానికి మరో యాభై ఏళ్లకు పైగా పట్టింది.

మునగాకు నుంచి కేంద్రకం దాకా

మునగాకు, తోటకూర, గోంగూర, పండు బొప్పాయి, మామిడిపండులో ఉండేది అచ్చమైన విటమిన్ ఏ కాదు. అది బీటా కెరోటిన్. కొవ్వులో కరిగే పదార్థం గనుక కూరలో కాస్త నూనె పడితేనే బాగా ఒంటబడుతుంది. చిన్నపేగు గోడలోని ఒక ఎంజైమ్ ఈ పొడవాటి అణువును సరిగ్గా నడిమధ్యకు చీలుస్తుంది. రెండు ముక్కలూ రెటినాల్డిహైడ్ అణువులే. అవి రెటినాల్‌గా మారి, కొవ్వు ఆమ్లంతో జతకట్టి, కాలేయానికి చేరి అక్కడి నక్షత్రాకార కణాల్లో నిలవ ఉంటాయి. గుడ్డు, పాలు, కాలేయం తిన్నప్పుడు రెటినాల్ రూపం నేరుగానే అందుతుంది.

కాలేయం అవసరాన్ని బట్టి రెటినాల్‌ను ఒక వాహక ప్రొటీన్‌కు అప్పగించి రక్తంలోకి పంపుతుంది. పేగు పొరలోని కణం దాన్ని అందుకుంటుంది. అయితే రెటినాల్ తనంతట తాను జన్యువులతో మాట్లాడలేదు. కణం దాన్ని రెండు మెట్లలో మార్చుకోవాలి. మొదటి మెట్టులో రెటినాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌లు దాన్ని రెటినాల్డిహైడ్ చేస్తాయి. ఇది అటూ ఇటూ నడిచే చర్య. రెండో మెట్టులో ఏఎల్‌డీహెచ్1ఏ కుటుంబపు ఎంజైమ్‌లు దాన్ని రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఇక్కణ్నుంచి వెనక్కి దారి లేదు. అసలు పని చేసేది ఈ ఆమ్లమే. రక్తంలో దీని మోతాదు రెటినాల్ కంటే వందల రెట్లు తక్కువ. అయినా చాలు.

పని అయ్యాక ఈ ఆమ్లాన్ని వదిలించుకోవడం కూడా అంతే ముఖ్యం. ఆ బాధ్యత సీవైపీ26 కుటుంబానిది. అందులో సీవైపీ26ఏ1 అనే ఎంజైమ్ రెటినోయిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తుంది. ఈ లెక్కను చెరువుతో పోల్చుకుంటే సులభంగా అర్థమవుతుంది. నీళ్లు తెచ్చే కాలువ డీహైడ్రోజినేజ్‌లది, నీళ్లు వదిలే తూము సీవైపీ26ఏ1ది. చెరువులో ఎంత నీరు నిలుస్తుందన్నది ఈ రెండిటి మీదా ఆధారపడుతుంది. పైన ఎంత వాన కురిసినా కాలువ పూడిపోయి, తూము బార్లా తెరిచి ఉంటే చెరువు ఎండక మానదు.

1987లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పియర్ శాంబో బృందం, అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఇవాన్స్ బృందం వేర్వేరుగా పనిచేస్తూనే ఒకే గ్రాహకాన్ని కనిపెట్టాయి. రెటినోయిక్ ఆమ్లాన్ని పట్టుకునే ఈ ప్రొటీన్ కణం ఉపరితలం మీద ఉండదు. కేంద్రకంలో, డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉంటుంది. దాని పేరు ఆర్ఏఆర్. ఆల్ఫా, బీటా, గామా అని మూడు రకాలు. ఆర్ఎక్స్ఆర్ అనే మరో గ్రాహకంతో జతకట్టి, కొన్ని జన్యువుల ముంగిట ఉండే ప్రత్యేక డీఎన్ఏ వరసల మీద కూర్చుంటుంది. ఆమ్లం లేనప్పుడు ఈ జంట ఆ జన్యువుల్ని అణచి ఉంచుతుంది. ఆమ్లం వచ్చి కూడగానే గ్రాహకం ఆకారం మారుతుంది. అణచే ప్రొటీన్లు తప్పుకుని, ప్రోత్సహించే ప్రొటీన్లు చేరతాయి. జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారవడం మొదలవుతుంది. జన్యు వ్యక్తీకరణ అంటే ఇదే. ఇలా వందల జన్యువులు రెటినోయిక్ ఆమ్లం మాట వింటాయి. విభజనను నెమ్మదింపజేసేవి, కణాన్ని ఒక రూపానికి కుదిర్చేవి వాటిలో చాలా ఉన్నాయి. వోల్‌బాక్, హోవ్ చూసినదానికి వివరణ దొరికింది.

ఏపీసీ పాడైతే

పెద్దపేగు క్యాన్సర్‌లో దాదాపు పదింట ఎనిమిది కణితుల్లో ఏపీసీ అనే జన్యువు పాడై ఉంటుంది. 1991లో ఈ జన్యువును గుర్తించారు. పుట్టుకతోనే దీని ఒక ప్రతి పాడైనవారికి యౌవనంలోనే పెద్దపేగు నిండా వందలు, వేలు పాలిప్‌లు పుడతాయి. పేగు తీసేయకపోతే నలభై ఏళ్లు దాటేలోగా దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. ఏపీసీ పోవడమే పెద్దపేగు క్యాన్సర్ కథలో సాధారణంగా మొదటి ఘట్టం.

ఏపీసీ చేసే పనుల్లో బాగా తెలిసినది బీటా కెటెనిన్ అనే ప్రొటీన్‌ను అదుపులో ఉంచడం. ఏపీసీ లేకపోతే బీటా కెటెనిన్ పేరుకుపోయి, కేంద్రకంలోకి వెళ్లి, విభజనకు కావలసిన జన్యువుల్ని ఎడతెరిపి లేకుండా పనిచేయిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఇదే మొత్తం కథ.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జోన్స్ బృందం 2004 నుంచి ప్రచురించిన పరిశోధనలు దీనికి మరో పార్శ్వం చేర్చాయి. ఏపీసీ పాడైన పేగు కణితుల్లో రెటినాల్‌ను మార్చే ఒక డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ జన్యువు మూగబోయిందని వాళ్లు గమనించారు. పాడైన కణాల్లోకి మంచి ఏపీసీని తిరిగి పంపితే ఆ జన్యువు మళ్లీ పలికింది.

దీన్ని సజీవమైన పేగులో పరీక్షించడానికి వాళ్లు జీబ్రా చేపల్ని ఎంచుకున్నారు. చిటికెన వేలంత కూడా ఉండని చారల చేప ఇది. దీని పిండం తల్లి బయటే, నీళ్లలోనే పెరుగుతుంది. ఒళ్లు పారదర్శకం. పేగు ఏర్పడుతుంటే భూతద్దంలోంచి చూడవచ్చు. ఏపీసీ పనిచేయకుండా చేసిన పిండాల్లో పేగు గొట్టం ఏర్పడింది గానీ, అందులోని కణాలు పరిణతి చెందలేదు. ఎదిగిన పేగు కణాల్లో ఉండవలసిన ప్రొటీన్లు కనిపించలేదు. అదే పిండాలకు నీళ్లలో రెటినోయిక్ ఆమ్లం కలిపి అందిస్తే పేగు కణాలు ఎదుగుదల బాట పట్టాయి. ఏపీసీని ముట్టుకోకుండా కేవలం ఆ డీహైడ్రోజినేజ్‌ను ఆపినా పేగు అలాగే అపరిపక్వంగా మిగిలింది. ఏపీసీకి, పేగు ఎదుగుదలకు నడుమ రెటినోయిక్ ఆమ్లం ఉందనడానికి ఇంతకన్నా సూటి నిదర్శనం అక్కర్లేదు.

2006లో అదే బృందం తూము వైపు కథ చెప్పింది. ఏపీసీ లేని చేపల్లోనూ, ఎలుకల్లోనూ, మనుషుల కణితుల్లోనూ సీవైపీ26ఏ1 మోతాదు పెరిగి ఉంది. అంటే ఒకే జన్యువు పాడవడంతో రెండు నష్టాలు జరుగుతున్నాయి. ఆమ్లం తయారీ తగ్గుతోంది, ఉన్న కాస్త ఆమ్లం కూడా త్వరగా నాశనమవుతోంది. 2009లో వాళ్లు ఈ ఫలితాలన్నిటినీ కూర్చి రెండంచెల నమూనా ప్రతిపాదించారు. ఏపీసీ పోగానే ముందు కణం ఎదగడం మానేస్తుంది, దానికి రెటినోయిక్ ఆమ్లపు కొరత కారణం. ఆ తర్వాత కేరాస్ వంటి మరో జన్యువు కూడా చెడినప్పుడు బీటా కెటెనిన్ కేంద్రకంలోకి చొరబడి విభజనను రెచ్చగొడుతుంది.

మనుషుల కణితుల మీద జరిగిన పనీ ఇదే దిక్కు చూపిస్తోంది. 2014లో మాస్కోలోని ఎంగెల్‌హార్ట్ సంస్థ పరిశోధకులు పెద్దపేగు కణితులనూ, అదే రోగుల పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలాన్నీ పోల్చి చూశారు. రెటినోయిక్ ఆమ్లం తయారీలో పాల్గొనే జన్యువులు ఒకటి కాదు, అనేకం కణితిలో తగ్గి ఉన్నాయి. ఇది చాలదన్నట్టు, చాలా కణితుల్లో ఆర్ఏఆర్ బీటా గ్రాహకపు జన్యువు ముంగిట మిథైల్ అనే రసాయన గుంపులు చేరి దాన్ని మూసేస్తాయి. జన్యువు అక్షరాలు మారవు. చదవడం మాత్రం ఆగిపోతుంది. అప్పుడు ఆమ్లం ఉన్నా అందుకునే చేయి ఒకటి తగ్గినట్టే.

కాపలా కణాల సంగతి

రెటినోయిక్ ఆమ్లంతో పని పేగు పొర కణాలకే కాదు, పేగును కాచే రోగనిరోధక కణాలకు కూడా ఉంది. 2004లో జపాన్‌కు చెందిన మకోటో ఇవాటా బృందం ఒక ముఖ్యమైన విషయం కనుక్కుంది. పేగు దగ్గరి డెండ్రైటిక్ కణాలు రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసి, టీ కణాలకు అందిస్తాయి. దాని ప్రభావంతో టీ కణాల మీద ప్రత్యేకమైన గుర్తులు మొలుస్తాయి. రక్తంలో తిరుగుతున్న టీ కణం పేగు దగ్గరికి వచ్చి ఆగడం ఆ గుర్తుల వల్లే.

2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్గర్ ఎంగెల్‌మన్ బృందం ఈ రెండు దారుల్నీ కలిపింది. పేగులో దీర్ఘకాలం వాపు కలిగించి క్యాన్సర్ తెప్పించిన ఎలుకల్లో రెటినోయిక్ ఆమ్లం బాగా తగ్గిపోయింది. తయారుచేసే ఎంజైమ్‌లు తగ్గాయి, సీవైపీ26ఏ1 పెరిగింది. ఈ మార్పుకు పేగులోని సూక్ష్మజీవులు ప్రేరేపించిన వాపు కారణం. యాంటీబయాటిక్స్‌తో సూక్ష్మజీవుల్ని తగ్గిస్తే సమతూకం తిరిగొచ్చింది. రెటినోయిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు కణితులు తగ్గాయి. ఆ ఫలితం సీడీ8 టీ కణాల ద్వారా వచ్చింది. క్యాన్సర్ కణాల్ని గుర్తించి చంపే కణాలివి. కొరత ఏర్పడితే నష్టం రెండు వైపులా అన్నమాట. పొర కణం ఎదగదు, ఎదగని కణాన్ని పట్టుకోవలసిన కాపలా కూడా పలచబడుతుంది.

మాత్రలు మింగితే సరిపోతుందా?

ఇంతవరకు చదివిన వారికి వెంటనే తోచే ఆలోచన ఒకటుంది: విటమిన్ ఏ ఎక్కువగా తీసుకుంటే సరి కదా! శాస్త్రవేత్తలూ అలాగే ఆశపడ్డారు. కూరగాయలు, పండ్లు బాగా తినేవారిలో కొన్ని క్యాన్సర్లు తక్కువని తెలిశాక, 1980లలో బీటా కెరోటిన్ మాత్రలతో భారీ పరీక్షలు మొదలుపెట్టారు.

ఫలితాలు చేదుగా వచ్చాయి. అమెరికాలో పాలిప్ తీయించుకున్న 864 మందితో జరిగిన పరీక్ష ఫలితం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ గానీ, సీ, ఈ విటమిన్లు గానీ కొత్త పాలిప్‌లు రాకుండా ఆపలేదు. అదే ఏడాది ఫిన్లాండ్ నుంచి మరింత గట్టి దెబ్బ తగిలింది. పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 1996లో అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చిన మరో పెద్ద పరీక్షలో 28 శాతం పెరుగుదల కనిపించడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. పాలిప్ పరీక్ష వివరాల్ని 2003లో మళ్లీ విడదీసి చూస్తే ఒక తేడా బయటపడింది. పొగ, మద్యం ముట్టనివారిలో బీటా కెరోటిన్ వల్ల పాలిప్‌లు తిరిగి రావడం తగ్గింది. రెండూ అలవాటున్నవారిలో ముప్పు రెట్టింపయింది.

పేగు కణితి విషయంలో ఈ మాత్రలు పనిచేయకపోవడానికి కారణం ఇప్పటికి పాఠకులకు తట్టే ఉంటుంది. కొరత కంచంలో లేదు, కణంలో ఉంది. రక్తంలో రెటినాల్ పుష్కలంగా ఉన్నా, దాన్ని ఆమ్లంగా మార్చే ఎంజైమ్ జన్యువు మూగబోయిన కణానికి అందేది ఏమీ లేదు. నేరుగా రెటినోయిక్ ఆమ్లమే ఇచ్చినా సీవైపీ26ఏ1 దాన్ని విరగ్గొడుతుంది. అన్నిటినీ దాటి కేంద్రకం చేరినా గ్రాహకాల్లో కొన్ని మూతపడి ఉంటాయి.

షాంఘై నేర్పిన పాఠం

అలాగని రెటినోయిక్ ఆమ్లంతో క్యాన్సర్‌ను జయించడం జరగనిదేమీ కాదు. రక్త క్యాన్సర్లలో అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రకం ఒకప్పుడు రోజుల్లో, వారాల్లో ప్రాణం తీసేది. షాంఘైలోని రుయిజిన్ ఆసుపత్రిలో వాంగ్ ఝెన్‌యీ బృందం 24 మంది రోగులకు రెటినోయిక్ ఆమ్లం ఇచ్చి, ఫలితాల్ని 1988లో ప్రకటించింది. 23 మందిలో వ్యాధి పూర్తిగా తగ్గుముఖం పట్టింది. క్యాన్సర్ కణాలు చంపబడలేదు, ఎదిగాయి. మామూలు తెల్ల రక్తకణాలుగా పరిణతి చెంది, వేళకు చనిపోయాయి. ఆర్సెనిక్ కూడా తోడయ్యాక ఈ వ్యాధి నేడు ఎక్కువమందిలో నయమవుతోంది.

అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయదు? ఆ ల్యుకేమియాలో చెడేది ఆర్ఏఆర్ ఆల్ఫా గ్రాహకమే. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల అది మరో ప్రొటీన్‌తో అతుక్కుని, జన్యువుల్ని అణచేస్తూ కూర్చుంటుంది. మందు మోతాదులో ఆమ్లం ఇస్తే ఆ పట్టు వదులుతుంది. తప్పు ఒక్క చోట ఉంది, మందు అక్కడికే వెళ్లింది. పేగు క్యాన్సర్‌లో తప్పు తయారీలో, విచ్ఛిన్నంలో, గ్రాహకంలో, ఏపీసీలో పరుచుకుని ఉంది. ఒక్క మందుతో అన్నీ చక్కబడవు. అందుకే ఇప్పటి పరిశోధనలు సీవైపీ26ఏ1ను అడ్డుకునే మందుల మీద, జన్యువుల మీది మిథైల్ గుంపుల్ని తొలగించే మందుల మీద, వీటిని రోగనిరోధక చికిత్సలతో కలపడం మీద సాగుతున్నాయి. ఈ దారి సరైనదేనని నా నమ్మకం. కణాన్ని చంపడం ఒక్కటే వైద్యం కాదని, దాన్ని ఎదగనివ్వడం కూడా వైద్యమేనని షాంఘై రోగులు రుజువు చేశారు.

మన చేతిలో ఉన్నది

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మన దేశంలో పసిపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఏ మోతాదు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. అది పిల్లల కళ్లను కాపాడటానికి. అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో బిడ్డకు ఆ మోతాదు వేస్తామంటే తప్పక వేయించండి. అది చూసి పెద్దలు క్యాన్సర్ రాకుండా విటమిన్ ఏ మాత్రలు కొనుక్కోవడం మాత్రం తప్పు. అతిగా తీసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. గర్భిణులకైతే అధిక మోతాదు బిడ్డకు అవకరాలు తెచ్చిపెడుతుంది. పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలు హాని చేస్తాయని పైన చూశాం. ఆకుకూర, పండు, పప్పు, గుడ్డు రోజూ కంచంలో ఉంటే ఒంటికి కావలసింది అందుతుంది. పొగ, మద్యం మానడం, ఒళ్లు వంచి పనిచేయడం, నిలవచేసిన మాంసపు సరుకులు తగ్గించడం పేగుకు నిజంగా మేలు చేసేవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వేళకు చూపించుకోవడం. మన దేశపు ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. కనుక జాగ్రత్త మనమే పడాలి. మలంలో రక్తం కనబడితే మొలలేలే అని సరిపెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. సిగ్గుతో దాచుకునేవారూ ఎక్కువే. మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తహీనత వచ్చినా, బరువు తగ్గినా, కుటుంబంలో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా డాక్టరును కలవండి, కొలనోస్కోపీ అవసరమా అని అడగండి. పాలిప్‌గా ఉన్నప్పుడే కనిపెడితే అదే పరీక్షలో చాలావరకు తీసేయవచ్చు, క్యాన్సర్ దాకా పోనే పోదు. అమెరికా లెక్కల ప్రకారం తొలిదశలో బయటపడిన పేగు క్యాన్సర్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. దూర అవయవాలకు పాకాక బయటపడితే ఆరేడుగురిలో ఒక్కరే. కణంలోని కరువును తీర్చే మందు రేపు వస్తుందేమో. పాలిప్‌ను తీసే సాధనం ఇవాళే ఉంది, దాన్ని వాడుకోండి.